మాటకొక అనువాకం

పక్షవాతం వచ్చిన నలభై మూడో రోజు పొద్దున భ్రమరాంబ భర్త పక్కన కూర్చుని, "మంచినీళ్ళు తాగుతారా?" అని అడిగింది. యజ్ఞనారాయణ ఘనపాఠి ఆమె వైపు తిరిగి నోరు తెరిచాడు. ఖంగుమని స్వరం లేచింది. వేదంలోని ఒక భాగం, ఒక అనువాకం మొత్తం, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, ఎక్కడా తొట్రుపడకుండా నాలుగు నిమిషాల పాటు వల్లించాడు. అయిపోయాక కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆయన చెప్పాలనుకున్నది ‘ఊఁ, ఇయ్యి’ అన్న రెండు ముక్కలేనని భ్రమరాంబకి తెలుసు.

ఆయన వయసు నలభై ఆరు. సింహాచలం కొండ కింద అడవివరంలో చిన్న వేదపాఠశాల నడుపుతున్నాడు. వేదంలో మాటల్ని ముందుకీ వెనక్కీ, రెండేసి మూడేసి కలిపి తిప్పుతూ, ఒక్క స్వరం జారకుండా చెప్పగలిగినవాళ్ళని ఘనపాఠి అంటారు. ఆ చదువు ఆయన ఎనిమిదో ఏట మొదలుపెట్టి ఇరవై రెండో ఏట ముగించాడు. ఆ పైన గురువుగారు మరెవరి దగ్గరా లేని ఒక పాఠం, నలభై అనువాకాలు, ఆయనొక్కడికే చెప్పారు. "నీ దగ్గర ఆగిపోకుండా చూసుకో" అని మాత్రం అన్నారు. ఆయన రోజూ తెల్లవారగానే ఆ నలభైలో పదేసి చొప్పున వల్లె వేసుకునేవాడు. సోమయాజులు అనే ముప్ఫై ఏళ్ళ శిష్యుడికి అందులో ఇరవై రెండు చెప్పాడు. ఇంకా పద్ధెనిమిది ఉండగా జబ్బు పడ్డాడు.

కాలూ చెయ్యీ నెల తిరక్కుండానే స్వాధీనంలోకి వచ్చాయి. ఎవరేమన్నా అర్థమవుతోంది. మాట ఒక్కటే రాదు. ఆస్పత్రిలో డాక్టరు కంప్యూటరు తెర మీద నల్లటి మచ్చ చూపించి, మాటలు పుట్టే చోటే దెబ్బతింది అన్నాడు. చిన్నప్పటి నుంచి కంఠతా పట్టిన వేదం మాత్రం ఆ మచ్చ అందుకోలేని ఇంకో మూల భద్రంగా ఉంది. అందుకని ఏం చెప్పబోయినా అదే బయటికి వస్తోంది.

వాళ్ళ కూతురు హైమకి తొమ్మిదేళ్ళు. ఒకరోజు బళ్ళో వేసిన బొమ్మ తెచ్చి తండ్రికి చూపించింది. ఆయన మురిసిపోయి ఏదో అనబోయాడు. మంత్రం వచ్చింది. ఆ పిల్ల అయిపోయేదాకా నిలబడి, కాగితం మడిచి, వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, నాన్న నాతో మాట్లాడ్డు కదా. దేవుడితోనే మాట్లాడతాడు" అంది.

ఆ రోజు నుంచి తండ్రి ముందుకి వెళ్ళడం తగ్గించింది.

* * *

ఆస్పత్రి డాక్టరు వాళ్ళని డాక్టర్ సలోమి దగ్గరికి పంపాడు. ఆవిడ పరిశోధనశాల ఎండాడలో ఉంది. మూడో అంతస్తు కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది. ఆవిడకి నలభై దాటుంటాయి. సన్నటి మనిషి, గడగడా మాట్లాడుతుంది. ఘనపాఠిని కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన నోట రెండు అనువాకాలు వింది.

"మా అమ్మమ్మకీ ఇదే జబ్బండీ" అంది భ్రమరాంబతో. "నర్సీపట్నంలో ఉండేది. జబ్బు చేశాక ఏడేళ్ళు బతికింది. అన్నం అనలేదు, నొప్పి అనలేదు. కీర్తనలు మాత్రం పుస్తకం చూడకుండా పాడేది. ఆకలేసినా కీర్తనే, కడుపునొప్పి వచ్చినా కీర్తనే. అది ఆకలో భక్తో మాకెవరికీ తెలిసేది కాదు."

ఆ అమ్మమ్మ కోసం మొదలుపెట్టిన పనే ఈ యంత్రం. దానికి వారధి అని పేరు పెట్టుకుంది. చూడటానికి వెదురు బుట్ట బోర్లించినట్టుంటుంది. లోపల రాగి చుట్టలు, వాటి మీద మెత్తటి గుడ్డ. అది తల మీద పెట్టి రోగి చేత తనకి బాగా వచ్చిన పాటో పద్యమో అనిపిస్తారు. ఆ పాట మెదడులో ఏ దారిన నడుస్తోందో యంత్రం కనిపెట్టి, అదే దారి మీదికి ఒక మాటని ఎక్కిస్తుంది.

"నాకు అర్థమయ్యేట్టు చెప్పండి, డాక్టరుగారూ" అంది భ్రమరాంబ.

"హైవే మీద వంతెన కూలిపోయింది. పక్కనే రైలు పట్టాలు బాగానే ఉన్నాయి. మనం ఆ పట్టాల మీద లారీలు నడపబోతున్నాం."

"నడుస్తాయా?"

"ఇరవై ఆరుగురికి నడిచాయి. కాకపోతే ఏడాది లోపే చెయ్యాలి. ఆ తర్వాత మెదడు మొండికేస్తుంది, కొత్త దారులు ఒప్పుకోదు."

ఎంత గట్టి దారైతే అంత మంచిదని సలోమి చెప్పింది. రోజూ తప్పకుండా వల్లించేది ఏదని అడిగింది. భ్రమరాంబ ఆ నలభై అనువాకాల సంగతి చెప్పింది. ఘనపాఠి తల ఊపాడు.

మొదటి మూడు రోజులూ ఏమీ జరగలేదు. ఆయన అనువాకం చెప్పడం, బుట్ట సన్నగా మోగడం, సలోమి ఆయన ఎదురుగా నీళ్ళ గ్లాసు పట్టుకుని అదే స్వరంలో ‘నీళ్ళు’ అనడం. నాలుగో రోజు తిరుగు ప్రయాణంలో, ఆటో హనుమంతవాక దగ్గర ఆగినప్పుడు, ఆయన భార్య సంచిలోంచి బయటికి కనపడుతున్న సీసా వైపు చూపిస్తూ "నీ... ళ్ళు" అన్నాడు. మొదటి అక్షరం కిందకి, రెండోది పైకి, అచ్చం వేదం చదివినట్టు.

ఆటో నడుపుతున్న అప్పలనాయుడు చటుక్కున వెనక్కి తిరిగాడు. నెల రోజులుగా వాళ్ళని ఆస్పత్రులకి తిప్పుతున్నది అతనే. "అయ్యగోరు మాటాడినారేటమ్మా! మాటాడినారు కదేటి!" అని, వెనక హారన్లు మోగుతున్నా బండి కదపలేదు.

భ్రమరాంబ గబగబా సీసా మూత తియ్యబోతే సగం నీళ్ళు ఒళ్ళో పడ్డాయి.

ఆ తరువాత ‘అన్నం’ వచ్చింది. ‘ఇటు’ వచ్చింది. ‘వద్దు’ వచ్చింది. తొమ్మిదో రోజున ‘హైమ’ వచ్చింది. ఆయన ఇంటికొచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పకుండానే పిలిచాడు. హైమ లెక్కల పుస్తకం మూసి, వచ్చి, ఇంకోసారి అనమంది. ఆయన అన్నాడు. మళ్ళీ అనమంది. అలా ఎన్నిసార్లు అనిపించుకుందో. ఆ స్వరాన్ని వెక్కిరిస్తూ ఇల్లంతా తిరిగింది. ఆయన నవ్వాడు. జబ్బు చేశాక ఆయన నవ్వడం అదే మొదలు.

* * *

కాపురానికి వచ్చిన పదహారేళ్ళలో భ్రమరాంబ వంటింటి పనంతా ఆ వల్లె వింటూనే సాగింది. గడియారం చూసే అలవాటు ఆమెకి లేదు. మొదటి పదీ వల్లించే రోజున, వల్లె మొదలైనప్పుడు పాలు పొయ్యి మీద పెడితే, ఐదో అనువాకం చివర గొంతు మెట్లు దిగినట్టు కిందకి దిగే చోట పాలు పొంగుకొస్తాయి. అప్పుడు దింపేది. మిగతా మూడు రోజులకీ వేరే గుర్తులు. ఒక్క ముక్కకి అర్థం తెలియదు. నోటితో అనమంటే రాదు. చెవికి మాత్రం అంతా తెలుసు.

‘హైమ’ వచ్చిన నాలుగు రోజులకి పొద్దున్నే పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

ఆమె మసిగుడ్డ పట్టుకుని అలాగే నిలబడింది. ముందు గదిలో ఆయన గొంతు నిలకడగానే సాగుతోంది. కానీ మెట్లు దిగే చోటు రాలేదు. నాలుగో అనువాకం నుంచి ఆరోదానికి వెళ్ళిపోయాడు. అలా దాటిపోయినట్టు ఆయనకే తెలిసినట్టు లేదు. ఎక్కడైనా పొరపడితే వెనక్కి వెళ్ళి సరిచేసుకునే మనిషి, అతుకు కూడా కనపడకుండా ముందుకి పోతున్నాడు.

మర్నాడు చెవి ఒగ్గి విన్నది. ఆ మర్నాడూ, ఆ పై రోజూ విన్నది. నలభైలో ఎనిమిది లేవు. అప్పటికి ఆయనకి వచ్చిన మాటలు ఎనిమిది.

భ్రమరాంబ మొండిది కాదు, తెలివితక్కువదీ కాదు. ఆ లెక్క ఆమెకి వెంటనే అర్థమైంది. అయినా ఆ మధ్యాహ్నం ఏమీ అనకుండా ఆటో ఎక్కి ఎండాడ వెళ్ళింది. సలోమి, "ఇవాళ ఏ మాట చేద్దామండీ?" అని అడిగితే, "నా పేరు" అంది.

వారం రోజులు పట్టింది. సగం ‘భ్రమర’ దాకా వచ్చింది. శుక్రవారం సాయంత్రం ఆమె ముగ్గు డబ్బా తీస్తుంటే వెనక నుంచి పిలిచాడు. పెళ్ళైన కొత్తలో ఆయన అలాగే పిలిచేవాడు. తరువాత పాఠాలు, శిష్యులు, ప్రయాణాలు పెరిగి, పేరుతో పిలవడం దాదాపు పోయింది. ఆమె వెనక్కి తిరగలేదు. ముగ్గు డబ్బా గుండెకి ఆనించుకుని, ఇంకోసారి పిలుస్తాడేమోనని ఎదురుచూసింది. పిలిచాడు.

* * *

సోమవారం నాడు సోమయాజులు వచ్చాడు. అతను పగలు ఆలయంలో పారాయణ చేస్తాడు. గురువుగారికి కాస్త నయమైందని విని, ఆగిపోయిన పాఠం మళ్ళీ మొదలుపెట్టుకుందామని వచ్చాడు. నమస్కారం చేసి ఎదురుగా కూర్చుని, ఇరవై రెండోది తాను చెప్పి వినిపించాడు. గురువు తల ఊపాడు. ఇరవై మూడోది మొదలుపెట్టమన్నట్టు శిష్యుడు చేతులు జోడించి కూర్చున్నాడు. ఘనపాఠి ఇరవై ఐదోది మొదలుపెట్టాడు.

"గురువుగారూ, ఇరవై మూడు" అన్నాడు సోమయాజులు మెల్లిగా. నలభైకీ మొదటి రెండేసి మాటలు అతనికి తెలుసు. అందించాడు.

ఘనపాఠి శ్రద్ధగా విన్నాడు. వేరే ఊరి నుంచి వచ్చిన పండితుడెవరో తనకి తెలియని శాఖ చదువుతుంటే ఎంత మర్యాదగా వింటాడో అంత మర్యాదగా విన్నాడు.

సోమయాజులు మొహం తెల్లబోయింది. తలుపు దగ్గర నిలబడ్డ భ్రమరాంబ వైపు చూశాడు.

"నాకు తెలుసు నాయనా" అంది ఆమె. అని, భర్త ముందు నేల మీద కూర్చుండిపోయింది. "మాట వచ్చినప్పుడల్లా ఒక అనువాకం పోతోంది. ఎనిమిది పోయేదాకా నాకు తెలియలేదు. తొమ్మిదోది తెలిసే పోగొట్టాను. ఇరవై మూడు అదే. నా పేరు కోసం. నాకు ఒక్కసారి పిలిపించుకోవాలనిపించింది. మీ గురువుగారు మీకు అప్పజెప్పిందని తెలిసీ..."

ఘనపాఠి ఆమెనే చూస్తున్నాడు. విన్నదంతా ఆయనకి అర్థమైందని కళ్ళు చెబుతున్నాయి. గోడ వైపు తిరిగాడు. పెదవులు కదిలించి, ఇరవై రెండు చివర చెప్పుకుని, ఆ తర్వాత రావాల్సినదాని కోసం వెతుక్కున్నాడు. లేదు.

అప్పుడు ఆయన చెయ్యి చాచి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "భ్రమర" అన్నాడు. ఆమె కన్నీళ్ళ వైపు వేలు చూపిస్తూ, "వద్దు" అన్నాడు.

ఆ తర్వాత శిష్యుడి వైపు తిరిగి, తన ఎదుట చాపని అరచేత్తో తట్టాడు. "ఇటు."

* * *

సలోమికి ఆ సంగతి చెప్పడానికి ముగ్గురూ కలిసి వెళ్ళారు. ఆవిడ నమ్మలేదు. సోమయాజులు చేత ఒక్కొక్క అనువాకం మొదలు అందింపజేసి, ఘనపాఠి అందుకుంటాడేమో చూసింది. తొమ్మిదిసార్లు ఆయన అందుకోలేదు. ఆవిడ తన పాత రోగుల కాగితాలు తెప్పించి తిరగేసింది. చివరికి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇందులో ఉంది" అంది. "ఒకావిడ జోలపాట మర్చిపోయింది. భీమిలి ఆయన హరికథలో ఒక భాగం మర్చిపోయాడు. మేం రాసుకున్నాం కూడా. కానీ వాళ్ళకి మాట వచ్చింది కదా, పాట పోతే ఏమైందిలే అనుకున్నాం. నష్టం అన్న వరసలో రాయలేదు." కాగితాలు మూసి, "పట్టాల మీద లారీలు నడిపితే ఇంక రైలు నడవదు. నేనే చెప్పిన పోలిక. నాకే తట్టలేదు" అంది.

అక్కడికక్కడే ఆపేద్దామంది. వద్దన్నవాడు ఘనపాఠే. తనకున్న తొమ్మిది మాటలతో, చేతులతో, ఆయన తన ఉద్దేశం చెప్పాడు. సోమయాజులుని చూపించి చెవి తాకాడు. ఆ తర్వాత బుట్టని చూపించి నోరు తాకాడు. ముందు శిష్యుడికి చెబుతాడు. చెప్పేసిన అనువాకాన్నే యంత్రానికి ఇస్తాడు.

"మరి పోయిన మూడూ?" అని అడిగాడు సోమయాజులు. అప్పటికి పోయిన తొమ్మిదిలో మూడు అతనికి రానివి.

"ఇక్కడ రికార్డయి ఉన్నాయి. మొదటి మూడు రోజుల్లోనే, యంత్రం నడుస్తుండగా, నలభైకి నలభై రికార్డు చేశాం" అంది సలోమి.

సోమయాజులు తల అడ్డంగా ఊపాడు. "రికార్డు చెబుతుందండీ. వినదు. నేను తప్పు చెబితే ఆపేదెవరు? మా చదువంతా గురువు వినడంలోనే ఉంది. ఆయన ఒకసారి చెబుతారు, నేను రెండుసార్లు చెప్పాలి. ఆ రెండూ ఆయన వినాలి."

"నాకొకటి అర్థం కాదు. ఏమీ అనుకోరు కదా?" అంది సలోమి. "మీరు చెప్పేదానికి అర్థం మీకు తెలుసా?"

"కొంత తెలుసు. పూర్తిగా తెలిసినవాళ్ళు వేరే ఉన్నారు."

"మరి ఇంత కష్టం దేనికి?"

ఎవరూ సోమయాజులుని ఆ ప్రశ్న అలా సూటిగా అడిగుండరు. "కర్మల్లో దాని ఉపయోగం దానికుంది. వింటే మనసుకి బాగుంటుంది, అదీ ఉంది. కానీ నాకు తెలిసింది ఒకటే. ఇది నా దాకా రావడానికి ఎంతమంది ఎన్నేళ్ళు ఎదురెదురుగా కూర్చున్నారో. నేను అవతలి మనిషి దాకా తీసుకెళ్ళాలి. చెడకుండా. అంతేనండి."

ఆ రోజు నుంచి సలోమి ఒక పని చేసింది. ఘనపాఠి వచ్చినప్పుడల్లా ముందు సోమయాజులుకి ఫోను చేసి, "ఇవాల్టిది మీకు వచ్చేసిందా?" అని అడిగి, అతను ఊఁ అంటేనే యంత్రం మీట నొక్కేది.

* * *

ఐదు నెలలు అలా గడిచాయి. తెల్లవారుజామున పాఠం, మధ్యాహ్నం ఎండాడ. ఒక గొంతు చెప్పడం, ఇంకో గొంతు రెండుసార్లు అనడం, తప్పు జరిగితే చిన్న దగ్గు, మళ్ళీ మొదటికి. పాఠానికి మాటలేమీ అక్కర్లేదు. మాట పోయినవాడైనా గురువుగా ఏ లోటూ లేకుండా చెప్పాడు.

మాటలు కూడా పెరిగాయి. దారి పడ్డాక ఒక అనువాకం మీద నాలుగైదు మాటలు ఎక్కుతున్నాయి. ‘హైమ బడి’ అనేవాడు. ‘కూర ఉప్పు’ అని మొహం చిట్లించేవాడు. ఒకసారి భ్రమరాంబ కొత్త చీర కట్టుకుంటే, చాలాసేపు వెతుక్కుని, "బాగు" అన్నాడు. అన్నీ ఆ స్వరాల మీదే. ఉప్పు ఎక్కువైందని చెప్పినా మంత్రం చదివినట్టే ఉండేది. హైమ వాళ్ళ నాన్నతో అదే స్వరంలో జవాబు చెప్పేది.

ఇంకా నాలుగు అనువాకాలు శిష్యుడికి చెప్పాల్సి ఉండగా, సలోమి అనుకోనిది జరిగింది. ఒక పొద్దున ఆయన వల్లె మొదలుపెట్టి, రెండో వాక్యం దగ్గర ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టి, అక్కడే ఆగాడు. అప్పటికి యంత్రానికి ఇవ్వని అనువాకం అది. ఒకదాని చివర పట్టుకుని ఇంకోటి వచ్చే చదువు. మధ్యమధ్య చిల్లులు పడ్డాక మిగతావి నిలబడలేదు. గోడలో ఇటుకలు తీస్తూ పోతే పై వరస కుంగినట్టు, మూడు వారాల్లో మొత్తం కుంగిపోయింది. సోమయాజులు ఆలయానికి సెలవు పెట్టి ఆయన ఎదురుగా కూర్చున్నా, ఆ నాలుగూ అందలేదు. నలభై అనువాకాలూ పోయాయి. ఎనిమిదో ఏటి నుంచి నేర్చిందీ పోయింది. అది చెప్పగలవాళ్ళు వందల మంది ఉన్నారు, నిజమే. ఆయన నోట మాత్రం లేదు.

సలోమి యంత్రం ఆపేసింది. అడవివరం వచ్చి, ఆ ముందు గదిలో చాప మీద కూర్చుని, "నా తప్పండీ" అంది. ఎలా ఓదార్చాలో తెలియక భ్రమరాంబ కాఫీ ఇచ్చింది. ఘనపాఠి ఆవిడని చూసి, ఒక్కో మాటా పేర్చుకుంటూ, "మీరు... మాట... ఇచ్చారు" అన్నాడు. ఆయన నోట వచ్చిన మొదటి పూర్తి వాక్యం అది. సలోమి కాఫీ తాగకుండానే లేచి వెళ్ళిపోయింది. మర్నాడు తన ఇరవై ఆరుగురు రోగుల ఇళ్ళకీ స్వయంగా బయల్దేరింది. ఎవరెవరు ఏం పోగొట్టుకున్నారో అడిగి, అది నష్టం అన్న వరసలోనే రాసుకుంది.

* * *

ముందు పోయిన మూడు, చివర్లో కుంగిపోయిన నాలుగు, మొత్తం ఏడు అనువాకాలు ఏ మనిషి నోటా లేవు. సోమయాజులు వేరే దారి లేక సలోమి దగ్గర నుంచి రికార్డులు తెచ్చుకున్నాడు. గురువుగారింట్లోనే కూర్చుని, ఫోనులో విని, చెప్పుకుని, మళ్ళీ విని, మళ్ళీ చెప్పుకునేవాడు. రెండు వారాలకి ఒకటి పూర్తిగా వచ్చిందనిపించి, గట్టిగా వల్లించాడు.

వంటింట్లో బెండకాయలు తరుగుతున్న భ్రమరాంబ కత్తిపీట పక్కన పెట్టి వచ్చింది.

"అక్కడ అలా కాదు నాయనా."

"ఎక్కడమ్మా?"

"ఎక్కడో నేనెలా చెప్పను? మళ్ళీ చెప్పు." అతను చెప్పాడు. ఆమె చెయ్యెత్తింది. "ఇదిగో, ఇక్కడ. ఆయన ఇక్కడ గొంతు పైకి తీసుకెళ్ళి, ఒక్క క్షణం ఆపి, అప్పుడు దింపేవారు. నువ్వు ఆపడం లేదు."

రికార్డు మళ్ళీ పెట్టారు. యంత్రం రొదలో ఆ ఆగడం లీలగా ఉంది. రెండు వారాలుగా అతను తప్పు చదువుతున్నాడు. ఫోను అతన్ని ఒక్కసారి కూడా ఆపలేదు.

సోమయాజులు ఫోను కింద పెట్టాడు. "అమ్మా, మీకు వచ్చా ఇది?"

"ఒక్క ముక్క రాదు. నా నోట పలకదు. పదహారేళ్ళు విన్నాను, అంతే. తప్పు వస్తే తెలుస్తుంది."

"అయితే ఇక్కడే కూర్చోండి" అని అతను చాప ఇంకో కొస చూపించాడు. "వంట కాస్త ఆలస్యమైనా ఫర్వాలేదు."

ఆమె కూర్చుంది. ఏడు అనువాకాలకి మూడు నెలలు పట్టింది. అతను చెప్పడం, ఆమె చెయ్యెత్తడం. కొన్నిచోట్ల ఆమెకే అనుమానం వచ్చి, కళ్ళు మూసుకుని, పాత రోజుల్ని తలుచుకుని, "కాదు, నువ్వన్నదే సరి" అనేది. ఘనపాఠి పక్క గదిలోంచి వింటుండేవాడు. ఎప్పుడూ కల్పించుకోలేదు. కల్పించుకోవడానికి ఆయన దగ్గర ఏమీ లేదు.

ఏడోది పూర్తయిన రోజు సోమయాజులు దాన్ని గురువుగారి ముందు కూర్చుని వినిపించాడు. మొదటి నుంచి చివరిదాకా ఆమె చెయ్యి లేవలేదు. ఘనపాఠి గోడకి ఆనుకుని, తన ఎప్పటి చోట కూర్చుని, కళ్ళార్పకుండా విన్నాడు.

"బాగుంది" అన్నాడు. "ఎవరు... చెప్పారు నీకు?"

సోమయాజులు చేతులు జోడించాడు. "మీదే గురువుగారూ. మీ గొంతే."

ఘనపాఠి ఆ మాట నమ్మాడో లేదో తెలియదు. నెమ్మదిగా గోడ పట్టుకుని లేచాడు. నాలుగడుగులు వేసి, శిష్యుడు కూర్చునే వైపు చాప మీదికి వచ్చి, కిందకి దిగి కూర్చున్నాడు. చేత్తో గోడ దగ్గరి చోటు చూపించాడు.

"అక్కడ... నువ్వు."

"అపచారం గురువుగారూ, నేనక్కడ కూర్చోవడమా..."

"కూర్చో. చెప్పు."

సోమయాజులు భ్రమరాంబ వైపు చూశాడు. బళ్ళోంచి వచ్చిన హైమ సంచీ వీపునుంచి దింపకుండా గుమ్మంలో నిలబడి చూస్తోంది. అతను లేచి, గోడ దగ్గర, ఒక మూలకి ఒదిగి కూర్చున్నాడు. మొదటి వాక్యం ఒకసారి చెప్పాడు.

ఘనపాఠి చేతులు జోడించుకుని మొదటిసారి అన్నాడు. సరిగ్గానే వచ్చింది. రెండోసారి సగంలో గొంతు పక్కకి జారింది. గురువుకి తప్పు చెప్పడం సోమయాజులు వల్ల కాలేదు.

భ్రమరాంబ చెయ్యెత్తింది.

"అక్కడ కాదండీ. మళ్ళీ చెప్పండి" అంది.

ఆయన ఆమె వైపు తిరిగి చూసి, తల ఊపి, మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ రోజు ఒక్క వాక్యమే అయింది. మర్నాటికి అందులో సగమే మిగిలింది. ముగ్గురూ కూర్చుని, ఆ సగం దగ్గర నుంచే అందుకున్నారు.